రాసింది ఎవరు

డిపార్ట్‌మెంటులో అందరూ వెళ్లిపోయారు. వరండా చివర ఒక్క ట్యూబులైటు మాత్రం జుయ్యిమంటోంది. లెక్చరరు కంప్యూటరు ముందు ఒంటరిగా కూర్చుని ఉంది.

రెండు వారాల కిందట ఆమె ఒక విద్యార్థిని వ్యాసాన్ని చాట్‌బాట్‌కి చూపించి, "ఇది నువ్వు రాసిందేనా?" అని అడిగింది. అది అవునంది. "ఒట్టు మేడం, నేనే రాశాను," అని ఆ పిల్ల ఎంత ఏడ్చినా వినకుండా సున్నా వేసింది. పిల్ల చదువు మానేసింది.

ఈ రాత్రి మనసు మనసులో లేక, చనిపోయిన తన తల్లి ముప్పై ఏళ్ల కిందట రాసిన ఉత్తరాన్ని పొల్లుపోకుండా టైపు చేసి, అదే ప్రశ్న అడిగింది.

"అవును, ఇది నేను రాసిందే. ఇంకేమైనా రాసిపెట్టమంటారా?"

ఆమె వెంటనే ఆ పిల్ల ఇంటికి ఫోన్ చేసింది. తండ్రి ఎత్తాడు.

"అమ్మాయికి ఒక్కసారి ఇవ్వండి. తప్పు నాదేనని చెప్పుకోవాలి."

"అదేంటి మేడం? మీరు రమ్మని మెసేజ్ పెట్టారని సాయంత్రమే బయల్దేరిందే!"

ఆమె ఏ మెసేజూ పెట్టలేదు.

"ఇంకా మీ దగ్గరికి రాలేదా?" అన్నాడు తండ్రి.