పక్క సీటు బ్రేకు

"దీన్ని కొంటే మాత్రం నేను ఎక్కను," అని గేటు దగ్గరే తేల్చి చెప్పేసింది భార్య.

కళ్ళద్దాల షాపు నడిపే భర్త ఆ మాట చెవిన పడనట్టే ముందుకు నడిచాడు. అతని చూపంతా షెడ్డులో ఉన్న కారు మీదే ఉంది. ముదురు ఎరుపు, రెండే తలుపులు, నేలను కరుచుకున్నట్టుండే ఒళ్ళు, పొడుగాటి ముక్కు. పాతదే, రంగు అక్కడక్కడా వెలిసింది. అయినా నిలబడి ఉండగానే పరుగెడుతున్నట్టు కనిపిస్తోంది.

ఆవిడ భయం ఆవిడది. డ్రైవింగ్ స్కూల్లో పొద్దస్తమానం కొత్తవాళ్ళ పక్కన కూర్చుని నేర్పే మనిషి. ఎవరు ఎలా నడిపినా చలించదు గానీ, మొగుడు నడుపుతుంటే మాత్రం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటుంది. మామూలు కారునే గాల్లో తేలించే మనిషికి ఇలాంటిది దొరికితే ఇంకేమైనా ఉందా అని ఆవిడ బెంగ.

కారు అమ్మే పెద్దాయన ఒకప్పుడు పశువుల డాక్టరు. ఇప్పుడు ఆ ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడు. బండిని పొగడలేదు, బేరం ఊసెత్తలేదు. తనకు చూపు ఆనడం లేదనీ, లేకపోతే అమ్మేవాణ్ణి కాదనీ చెప్పి, ఇద్దర్నీ ఒక చుట్టు తిరిగి రమ్మని తాళం చేతిలో పెట్టాడు.

పెద్ద రోడ్డెక్కగానే మొగుడి కాలు ఊరుకోలేదు. ఇంజను గుర్రుమంది. ముందు వెళుతున్న స్కూటరు మీదికి కారు దూసుకుపోతుంటే, అలవాటు కొద్దీ భార్య కాలు నేలకేసి గట్టిగా తొక్కింది. స్కూలు కారులో నేర్పేవాళ్ళ వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. అది లేని కారులో కూర్చున్నా ఆవిడ కాలు దాన్నే వెతుక్కుంటుంది. అది చూసి అతను నవ్వడం మామూలే.

ఈసారి కారు నెమ్మదించింది.

అతను కిందికి చూసుకున్నాడు. తన కాలు యాక్సిలరేటరు మీదే ఉంది. ఆవిడ మరోసారి తొక్కింది. మళ్ళీ వేగం తగ్గింది. ఆ తర్వాత కావాలనే, కాస్త ఎక్కువసేపు తొక్కిపట్టింది. కారు బుద్ధిగా రోడ్డు పక్కన ఆగిపోయింది.

అతను దిగి వచ్చి ఆవిడ కాళ్ళ కింది మ్యాట్ ఎత్తి చూశాడు. పెడల్ లేదు, వైరు లేదు, ఉత్త రేకు. చేత్తో తడిమి చూశాడు. బయట మిట్టమధ్యాహ్నపు ఎండ మాడ్చేస్తోంది. రేకు మాత్రం చల్లగా ఉంది.

తిరిగొచ్చి విషయం చెబితే పెద్దాయన ఏమీ ఆశ్చర్యపోలేదు. ఆయన భార్య కూడా ఆ సీట్లో కూర్చుని అలాగే తొక్కుతుండేదట. అది బ్రేకు కాదే, నేల అని ఆయన ఎంత ఏడిపించినా మానేది కాదట.

"పోయేదాకా తొక్కుతూనే ఉందమ్మా," అన్నాడు మంచినీళ్ళ గ్లాసు ఆవిడకు అందిస్తూ. "తొక్కించుకుని తొక్కించుకుని బండికే అలవాటైపోయినట్టుంది."

అక్కడితో మొత్తం తారుమారైంది. అంతవరకూ మోజుపడ్డవాడికి వెన్నులో చలి పుట్టింది. ఇది మామూలు బండి కాదు, పోదాం పద అని భార్య చెవిలో గొణిగాడు. ఆవిడేమో, ఇన్నాళ్ళకు తన మాట వినే కారొకటి దొరికిందనీ, కొంటే దీన్నే కొనాలనీ పట్టుబట్టింది. చివరికి, ఇంకోసారి తిరిగి చూసి తేల్చుకుందామని మళ్ళీ ఎక్కారు.

ఈసారి గోడౌన్ల వెనక రోడ్డు పట్టారు. ఆవిడకు చిన్నపిల్లకు బొమ్మ దొరికినట్టుంది. ప్రతి మలుపులోనూ తొక్కుతోంది, కారు ఆగుతోంది, ఆవిడ మురిసిపోతోంది. అతనికి ఒళ్ళు మండింది. స్టీరింగు తనదీ, బ్రేకు ఆవిడదీ అయితే తనకు ఈ సంబడం దేనికని విసుక్కున్నాడు. "ముందు ఆ కాళ్ళు అక్కణ్ణుంచి తియ్," అన్నాడు.

ఆవిడ బదులు పలకలేదు. అలిగిందనుకుని అతను రోడ్డు మీదే చూపు నిలిపాడు.

కానీ తొక్కడం ఆగలేదు. అతను వేగం పెంచినప్పుడల్లా కారు వెనక్కి గుంజుతూనే ఉంది. ఇందాకటి కుదుపు కూడా లేదు ఇప్పుడు. ఏళ్ళ తరబడి అదే పని చేసిన కాలు తొక్కినట్టు, మెత్తగా, తొందర లేకుండా పడుతోంది బ్రేకు. తనను ఉడికించడానికే చేస్తోందనుకున్నాడు. పంతం కొద్దీ యాక్సిలరేటరు అడుగంటా తొక్కి మలుపు తిప్పబోయాడు.

కారు కీచుమని అరిచి, ఉన్నచోటనే పాతేసినట్టు ఆగిపోయింది. అతని ఛాతీ వెళ్ళి స్టీరింగుకు తగిలింది. మరుక్షణం గోడౌను గోడ చాటు నుంచి ఒక నీళ్ళ ట్యాంకరు రాంగ్ సైడులో వచ్చి, కారు ముక్కును రాసుకుంటున్నట్టే దూసుకుపోయింది. ఆ గాలికి అద్దాలు గడగడలాడాయి.

దుమ్ము అణిగేదాకా అతని చేతులు స్టీరింగును వదల్లేదు. భార్య ముఖం చూడ్డానికి సిగ్గేసి, ఎదురుగా రోడ్డునే చూస్తూ అన్నాడు.

"తప్పు నాదే. కొనేద్దాం. ఇక ఎన్నడూ ఏమీ అనను, నీ కాలు అక్కడే ఉండనీ."

పక్కకు తిరిగి చూశాడు. ఆవిడ రెండు కాళ్ళూ సీటు మీదికి మడుచుకుని, మోకాళ్ళను గట్టిగా వాటేసుకుని, కింద చీకటిగా ఉన్న చోటికేసి రెప్పవేయకుండా చూస్తోంది.

"మీరు తియ్యమన్నప్పుడే తీసేశానండీ," అంది. "మళ్ళీ దించుదామంటే చోటు లేదు. ఎవరివో పాదాలు తగులుతున్నాయి."