మీడియం సైజు మనిషి

“ఆ ప్యాటర్న్ జోలికెళ్ళావంటే సోమవారం నుంచి డ్యూటీకి రానక్కర్లేదు,” అంది రాజశ్రీ.

ఉర్లా పారిశ్రామికవాడలోని ఆ కుర్తీల ఫ్యాక్టరీకి ఆమె యజమానురాలు. శిల్ప అక్కడ ప్యాటర్న్ డిజైనర్‌గా చేరి మూడు నెలలే అయింది.

“మేడమ్, పండరీ బజారు షాపుల నుంచి మళ్ళీ అరవై కుర్తీలు వాపసొచ్చాయి. భుజాల దగ్గర జారిపోతున్నాయట, తుంటి దగ్గర పట్టేస్తున్నాయట.”

“ఒళ్ళు తగ్గించుకోమను! మగ టైలర్ మాస్టర్‌ చేత కొలిపించుకోవడానికి అప్పట్లో ఇక్కడ ఒక్క ఆడమనిషీ ఒప్పుకోలేదు. మా నాన్నగారు బొంబాయి నుంచి మోడల్‌ని రప్పించి మీడియం సైజు ప్యాటర్న్ గీయించారు. మిగతా సైజులన్నీ దాన్నుంచి పుట్టినవే. పదిహేనేళ్ళుగా నడుస్తోంది. నాన్నగారి ప్యాటర్న్ తప్పంటావా? ఆ మోడల్‌ని తెచ్చి నా ముందు నిలబెట్టు, అప్పుడు మారుద్దాం. బస్!”

శిల్ప అప్పటికే పండరీలో, అభన్‌పూర్‌లో రెండొందల మంది ఆడవాళ్ళని టేపుతో కొలిచింది. సన్నటివాళ్ళు, బొద్దుగా ఉన్నవాళ్ళు, నడుము కిందే బరువున్నవాళ్ళు. వాళ్ళ ఒంటి వాటాన్ని బట్టి ఐదు కొత్త ప్యాటర్న్‌లు కత్తిరించి పెట్టుకుంది. పాత మీడియం మాత్రం ఆ రెండొందల మందిలో ఒక్కరికీ సరిపోలేదు. విచిత్రమేమిటంటే ఎవరూ ఫ్యాక్టరీని తిట్టలేదు. “మా ఒంటి తీరే అంత” అని తమనే తిట్టుకున్నారు.

ఇంత వెడల్పు భుజాలు, ఇంత సన్నటి తుంటి! ఎవరీ మహాతల్లి?

ఆ మీడియం గీసిన అచ్చయ్య మాస్టర్ ఎప్పుడో పని మానేశాడు. భార్య దాలమ్మ రైల్వే ఆసుపత్రిలో ఆయా. ఆదివారం చర్చి ఎగ్గొట్టి, ఒక మీడియం కుర్తీ పట్టుకుని శిల్ప ఆ దంపతుల రైల్వే క్వార్టర్‌కి వెళ్ళింది.

కుర్తీ చూడగానే అచ్చయ్య మొహం తిప్పుకున్నాడు.

“అదంతా పాత గొడవమ్మా. ఒగ్గేయ్.”

“ఆమె పేరు చెప్పండి చాలు, మాస్టర్‌జీ. నా ఉద్యోగం పోయేలా ఉంది.”

“ఎవులికీ సెప్పనని మీ మేడమ్ గారి నాన్నకి మాటిచ్చినాను.”

వంటింట్లో గిన్నె ఠంగుమంది. దాలమ్మ గుమ్మంలోకొచ్చింది.

“ఆయన పోయి ఆరేళ్ళయింది. ఇంకా ఏటా మాట? పాపం, పిల్ల నౌకరీ పోతాదంట!”

“నువ్వూరుకోయే.”

“ఆమె మీకు తెలుసా ఆంటీ?”

“తెలకపోడమేటి? ముప్పై ఏళ్ళ నుంచి ఆ శాల్తీకి వండి పెడతన్నది నానే.”

శిల్ప నోరు తెరిచింది. కట్టుకున్న భార్య ఉండగా, ఇదే ఇంట్లో ఇంకొకామె!

“ఇక్కడే ఉంటారా? ఒక్కసారి పిలవండి ఆంటీ, దండం పెడతా.”

దాలమ్మ మొగుడి వైపు గుడ్లురిమింది. “సూపించు. ఇంకా సిగ్గేటి?”

అచ్చయ్య నిట్టూర్చి లేచాడు. ఇరుగుపొరుగు చూడకుండా వీధి తలుపు గడియ పెట్టాడు.

తర్వాత చొక్కా విప్పి, శిల్ప చేతిలోని మీడియం కుర్తీ అందుకుని బనీను మీదే తొడుక్కున్నాడు. భుజాల నుంచి తుంటి దాకా ఎక్కడా ఒక్క ముడత లేదు.