రంగు చావని రాయి

దేవుని గూట్లో ఉంగరం రాయి తెల్లగా పాలిపోయి ఉంది.

తులసమ్మ దాన్ని తీసి, వాకిలి వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. పచ్చ లేదు. ఎరుపు లేదు. కదిలిస్తే కదిలే ఆ నీలం లేదు. విరిగిన పాలచుక్కలా ఉంది.

"సచ్చిపోయినాడు" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ బావ గిడ్డయ్య. "నా తమ్ముడు సచ్చిపోయినాడు. ఇంకేం సూడాల?"

గిడ్డయ్య తమ్ముడు ఈరన్న తులసమ్మ మొగుడు. ఎమ్మిగనూరు దుప్పట్లు మూట కట్టుకుని ఊర్లు తిరిగి అమ్మేవాడు. తులసమ్మ ఎడమ చేతి వేలు విరిగి కట్టు కట్టించుకున్న నెలలోనే హైదరాబాదు నుంచి ఈ ఓపల్ ఉంగరం తెచ్చాడు. ఆ వేలు వంకరగా అతుక్కుంది కాబట్టి కుడి చేతికి తొడిగాడు.

"ఇచ్చినోడు బతికున్నంత కాలం దీంట్లో రంగులు ఆడతాయంట. నేను యాడున్నా నా కండ్లు నీ మీదే ఉంటాయి" అన్నాడు నవ్వుతూ.

ఆ మరుసటి ఏడు, డెబ్బై ఏడు శ్రావణంలో, ఈరన్న కనిపించకుండా పోయాడు. బొంబాయి పోతాండానని తనతో చెప్పి పోయినాడని అతని తల్లి భీమమ్మ వీధంతా చెప్పింది. జాబు రాలేదు. మనిషీ రాలేదు.

మగ్గం పనిలో రాయి పగులుతుందని భీమమ్మ కోడలి వేలి నుంచి ఉంగరం తీయించి గూట్లో పెట్టింది. ప్రతి ఉదయం దీపం వెలిగించి, ఇరుగుపొరుగును పిలిచి మరీ చూపించేది.

"సూడండి, ఎట్ల మెరుస్తాందో! నా కొడుకు సల్లగా ఉండాడు."

ఆ మాట వింటే తులసమ్మ గూటి వైపు చూడకుండా పనిలోకి పోయేది. మగ్గం గుంటలో కూర్చుంటే గూట్లోని పచ్చటి కన్ను తన వీపు మీదే ఉన్నట్టుండేది. సందు చివర బస్సు ఆగిన చప్పుడైతే నేత ఆగిపోయేది. ఒక్కోసారి పట్టపగలే గడపలో ఈరన్న దగ్గు వినపడేది. నూలు దూర్చే నాడె వదిలేసి వాకిట్లోకి పరుగెత్తేది. ఎవరూ ఉండరు. తిరిగొచ్చి గూటి వంక చూస్తే రాయి ఇంకా మెరుస్తూనే ఉండేది.

రెండేళ్ళలో మనిషి సగమైపోయింది. తిండి సయించదు. నిద్ర పట్టదు. నేసిన బట్టలో తప్పులు.

ఇప్పుడు రాయి ఆరిపోయింది.

"రేపే పోలీసులకు సెప్తా" అన్నాడు గిడ్డయ్య. "వాడు యాడికి పోయినాడో, ఎవరు ఏం జేసినారో అంతా బయటికి రావల్ల."

భీమమ్మ లేచి వచ్చి కోడలి చేతిలోంచి ఉంగరం తీసుకుంది. ఎండాకాలం మొదలైనప్పటి నుంచి ఆమెకు ఒంట్లో బాగుండటం లేదు.

"ఎండకు రాయి గూడా వాడిపోతాది. నాలుగు దినాలు ఆగప్పా" అంది.

ఐదో ఉదయం గిడ్డయ్య వచ్చేసరికి రాయి నిప్పుకణంలా ఉంది. ఎరుపు, పచ్చ, నీలం, మునుపటికంటే ఎక్కువగా ఆడుతున్నాయి. గిడ్డయ్య ఉంగరాన్ని కళ్ళకద్దుకుని ఏడ్చాడు. పోలీసుల మాట మళ్ళీ ఎత్తకుండా వెళ్ళిపోయాడు.

తులసమ్మ మాత్రం తట్టుకోలేకపోయింది. మర్నాడు పొద్దున్నే ఉంగరం కొంగున ముడేసుకుని ఆదోని బస్సెక్కింది.

ఆదోని బజారులో నగలకు రాళ్ళు పొదిగే చోటే సాబ్ ముసలివాడు. కంటికి అద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"మంచి రాయేనమ్మా. అమ్ముతావా?"

"అమ్మను సాబన్నా. ఒగటే సెప్పు. మనిషి పానానికీ దీనికీ సంబంధం ఉందా?"

చోటే సాబ్ అద్దం తీసి ఆమె ముఖం చూశాడు. మెల్లగా చెప్పాడు.

"మా తాత గూడా ఇట్లాంటివి శానా సెప్పేవాడు. దొంగ పెట్టుకుంటే దొంగ కనపడడంట. రోగి పెట్టుకుంటే రంగు దిగిపోతాదంట. అన్నీ కతలమ్మా. ఈ రాయి కడుపులో నీళ్ళుంటాయి. నీ రాయి ఎండితే తెల్లబడే రకం. నీళ్ళలో నానేస్తే రంగు తిరిగొస్తాది." ఉంగరాన్ని తిప్పి చూపించాడు. "మొన్నమొన్ననే ఎవరో నానేసినారు. సూడు, రాయి పొదిగిన సందులో తడి ఇంకా ఆరలే."

తులసమ్మ ఆ దుకాణం మెట్టు మీదే కూర్చుండిపోయింది. రెండేళ్ళుగా అణచుకున్న ఏడుపు ఒక్కసారిగా బయటికొచ్చింది. రాయి రాయే. అందులో ఎవరి కళ్ళూ లేవు.

బస్సులో వస్తున్నంతసేపూ అత్తే మనసులో మెదిలింది. కొడుకు లేడని ఒప్పుకోలేక ఆ ముసలి ప్రాణం ఎన్నిసార్లు దొంగచాటుగా రాయికి నీళ్ళు పట్టిందో! తనను తానే మోసం చేసుకుంటూ ఎన్ని పొద్దులు నవ్విందో!

ఇల్లు చేరేసరికి భీమమ్మ చాప మీద పడుకుని ఉంది. ఒళ్ళు జ్వరంతో కాలుతోంది. తులసమ్మ పక్కన కూర్చుని ఉంగరాన్ని ఆమె అరచేతిలో పెట్టింది.

"రాయిని నీళ్ళలో నానేస్తాండేది నువ్వే గదా అత్తా?"

భీమమ్మ తలూపింది.

"నీ కొడుకు మీద ఆశ సంపుకోలేక..." అంటూ తులసమ్మ ఆమె నుదుటి మీద చెయ్యి వేసింది.

భీమమ్మ వాకిలి వైపు చూసింది. ఎవరూ లేరని రూఢి చేసుకుని, కోడలి తలను దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పింది.

"వాని కోసం గాదు బిడ్డా, నీ కోసం. వాడు నీ ఏలు ఇరిసిందీ సూసినా, ఆ పొద్దు కాలవ గట్టు మీద నుంచి నువ్వు వాన్ని నీళ్ళలోకి తోసేదీ నేను సూసినా."