బావి దగ్గర తిప్పయ్య

"ఇది మా అన్న కాదు," అని తేల్చేశాడు గురప్ప.

తాడిపత్రి నుంచి లారీలో వచ్చిన విగ్రహాన్ని అప్పుడే దించి బావి పక్కన నిలబెట్టారు. భుజాన గడ్డపార, ఉత్త కాళ్లు, కొంచెం పక్కకు వాల్చిన తల. తొమ్మిదేళ్లు ఒంటిచేత్తో బండ పగలగొట్టి ఊరికి ఆ బావిని తవ్విపెట్టిన తిప్పయ్య విగ్రహం అది. తిప్పయ్య పోయి పదేళ్లయింది. ఆ మహానుభావుడు బతికుండగా ఒక్క ఫోటో కూడా దిగలేదు.

శిల్పి ఖాజా హుస్సేన్ గుండెలో రాయి పడింది. ఇరవై ఏళ్లు ఇళ్లకు నేలబండలు కోసిన అతనికి ఇదే మొదటి మనిషి విగ్రహం. ఎనిమిది నెలలు చెక్కాడు. నలుగురూ వచ్చిపోయే చోట తన చేతిపని ఒక్కటి నిలబడితే చాలని అతని ఆశ.

"ముక్కు నువ్వు చెప్పినట్లే పెట్టినా గదన్నా. చిలక ముక్కు అంటివి," అన్నాడు గురప్పతో.

"అంటి. అంటే మాత్రం ఇంత చిలకా?"

"నోరు అసలే కాదు," అంది పక్కింటి నల్లమ్మ. "తిప్పయ్యన్న నోరు ఎప్పుడూ మూసుకొనే ఉండేది."

"ఈ బొమ్మా మూసుకొనే ఉండాది గదక్కా!"

"మూసుకొనేదంటే ఇట్లా కాదప్పా."

ఇక మీసం సంగతి. మీసం ఉండేదని సగం ఊరు, లేదని సగం ఊరు చెబితే పాపం అతను సన్నగా ఒక గీత గీశాడు. దాంతో ఊరంతా ఒక్కటై అతని మీద పడింది.

పంచాయతీ ప్రెసిడెంటు ఓబుళేసు గొంతు సవరించుకున్నాడు. "సాయంత్రం బొమ్మ ముసుగు తీసేదానికి పంచాయతీ సమితి నుంచి పెద్దోళ్లు వస్తాండారు. ఇదెవరి బొమ్మ అంటే ఏం చెప్పేది? ఒక పని చేద్దాం. రాయి మాత్రం మంచి రాయి. పడుకోబెట్టి వీపు తొలిపించినామంటే గొడ్లకు నీళ్లతొట్టి అవుతాది."

"తొట్టా!" ఖాజా హుస్సేన్ విగ్రహానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"అదీ నలుగురికి పనికొచ్చేదే గదప్పా."

"ఒక్కరు గుర్తుపడితే చాలన్నా. ఒక్కరు! ఆయప్ప భార్య ఉండాదంటిరే, ఆయమ్మను పిలవండి."

మగవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ముక్కు గురించి, మీసం గురించి ఊరు ఊరంతా చెప్పింది గాని, లక్ష్మక్కను అడగాలని ఇన్ని నెలల్లో ఒక్కడికీ తోచలేదు. తెలివైన ఊరే!

శెనక్కాయలు ఒలుస్తున్న లక్ష్మక్క, ఒళ్లో పొట్టు దులుపుకుంటూ వచ్చింది. విగ్రహం ముందుకు రాగానే కొంగు నెత్తిన కప్పుకుని తల వంచేసింది. ఆమె చూస్తున్నది మొహం కాదు, పాదాలు.

"వదినా, పైకి చూడు," అన్నాడు గురప్ప.

"ఉండప్పా."

ఆమె కింద కూచుని రాతి వేళ్లను ఒక్కొక్కటే తడిమింది.

"బొటనవేలి కంటే పక్కవేలు పొడుగు. చిటికెనవేలు లోపలికి ముడుచుకోనుండాది," అంది లక్ష్మక్క. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆయనే."

"మరి మొగమో?" అన్నాడు ఓబుళేసు.

"మొగం నాకేం తెలుసు నాయనా? మా అత్త బతికినన్ని దినాలు తలెత్తనీలేదు. ఆయమ్మ పోయినాంక ఈయన కోడి కూయకముందే బావిలోకి దిగె, దీపాలు పెట్టినాంక ఎక్కె. కాళ్లకు నీళ్లు పోస్తే ఈ కాళ్లు, అన్నం పెడితే ఈ కాళ్లు. ముప్పై ఏండ్ల కాపురంలో నేను బాగా చూసింది వీటినే. నేను పొరపడతానా?"

కట్టుకున్న మనిషే చెప్పాక ఇంకేముంటుంది? గురప్ప వెనక్కి నాలుగడుగులు వేసి, కళ్లు చికిలించి, మళ్లీ చూశాడు.

"అవునబ్బా! ఇప్పుడు చూస్తే ముక్కు గూడా మా అన్నదే!"

"నోరూ అంతే," అంది నల్లమ్మ. "ఇట్లానే మూసుకుంటాండె."

మీసం మీద రెండు పక్షాలూ రాజీకొచ్చాయి. ఓబుళేసు డప్పులవాళ్లకు కేకేశాడు. ఆడవాళ్లు పసుపు నీళ్లు తెచ్చి విగ్రహం పాదాలు కడిగి బొట్లు పెట్టారు. గొడ్లతొట్టి మాట మళ్లీ ఎత్తినవాడు లేడు.

ఆ సందడిలో లక్ష్మక్క కొంగు వెనక్కి తోసి, మెల్లగా తలెత్తి, విగ్రహం మొహాన్ని తనివితీరా చూసింది.

"ఓయమ్మ! ఇంత చక్కగుండేటోడా మా ఆయన! ఒక్కరన్నా చెప్పినారు కాదే!"

జనం గొల్లున నవ్వారు. ఆమె కూడా సిగ్గుపడుతూ నవ్వింది. తర్వాత ఖాజా హుస్సేన్ దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"సల్లగుండు నాయనా. ముక్కు, మీసం అంటే వీళ్లు చెప్పినారు. ఆ కాళ్లు మాత్రం ఎవరు చెప్పినారు నీకు? అచ్చం ఎట్లా దించినావు?"

ఖాజా హుస్సేన్, ఎవరూ చెప్పకపోవడంతో ఎనిమిది నెలలూ వంగి వంగి చూసుకుంటూ రాతిలోకి దించిన తన రెండు పాదాలనూ, లుంగీ కిందికి లాగి గబుక్కున కప్పేసుకున్నాడు.