ఒక్క ముక్కా పోలేదు

కళ్ళజోళ్ళ షాపావిడ రికార్డరు తిరిగివ్వడానికి వచ్చేసరికి మాస్టారు మండిపడుతున్నారు.

మండిపడరూ మరి? లైబ్రరీ మేడ మీద హాల్లో నెలనెలా ఆయన ప్రసంగం ఉంటుంది. ఇంటి చరిత్ర, వీధి చరిత్ర ఎలా తవ్వి తీయాలో విడమరిచి చెబుతారు. వినడానికి వచ్చేవాళ్ళందరికీ కలిపి ఉన్నది ఒకే ఒక్క రికార్డరు. వంతులవారీగా ఇంటికి పట్టుకెళ్ళి, పెద్దవాళ్ళ చేత మాట్లాడించి, వారం తిరిగేలోపు తెచ్చివ్వాలి. ఈవిడ పట్టుకెళ్ళాక ఎండాకాలం పోయి వానలు కూడా మొదలయ్యాయి.

"ఏమ్మా, మీ వెనక ఎంతమంది కాచుక్కూర్చున్నారో తెలుసా?"

ఆవిడ తల వంచుకుంది. "ఇంట్లో మనిషి పోయిందండీ. ఇది చేతిలోంచి వదలబుద్ధి కాలేదు."

మాస్టారి కోపం చప్పున చల్లారింది. మనిషి చెడ్డవారు కారు, నోరే కాస్త తొందర.

"పండుటాకులమ్మా. రాలక తప్పదు. పోయేలోపు నాలుగు మాటలు పట్టి ఉంచుకున్నారు, అదే మీ అదృష్టం."

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. ఏదో చెప్పబోయింది. ఊరందరి మాటలూ పోగేసే మాస్టారికి ఎదుటి మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగే ఓపిక మాత్రం లేదు. అప్పటికే రికార్డరు సంచిలో పడేసుకున్నారు.

"మాస్టారూ, నాకు మిగిలింది ఇదొక్కటే. ఇంకోదాంట్లోకి ఎక్కించుకోవడం నాకు చేతకాదు. ఒక్క ముక్క కూడా పోకూడదు."

"పోదు. పూచీ నాది. వచ్చే ప్రసంగంలో అందరికీ వినిపిస్తాను, మీరే చూద్దురుగాని."

ఆదివారం మధ్యాహ్నం భోంచేసి, కంప్యూటరు ముందు కూర్చున్నారు. ముసలావిడ గొంతు గదంతా పరుచుకుంది.

"వీధి చివర సబ్బుల ఫ్యాక్టరీ ఉండేది. వానొస్తే చాలు, కాలవంతా నురగే! మా అత్తగారు బట్టలన్నీ అందులోనే జాడించేసేది. సబ్బు ఖర్చు లేదు."

"కోతలు కొయ్యకు నానమ్మా!" అని ఒక ఆడపిల్ల పకపకా నవ్వింది.

మాస్టారు నుదురు కొట్టుకున్నారు. ఆయన ప్రతి ప్రసంగంలోనూ చిలక్కి చెప్పినట్టు చెప్పే సూత్రం ఒకటే. అడిగేవాళ్ళు వినబడకూడదు. చెప్పేవాళ్ళదే చరిత్ర. ఈ పిల్లేమో నిమిషం ఊరుకోదు. "ఆ తర్వాత?" అంటుంది. "తాతయ్య అప్పుడెలా ఉండేవాడు, అందంగానా?" అంటుంది. ఉన్నట్టుండి కూనిరాగం తీస్తుంది. ఒకచోటయితే నానమ్మకి ఎక్కిళ్ళొచ్చేదాకా నవ్వించింది.

కాఫీ తెచ్చిన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది. "ఎంత బాగా నవ్వుతోందండీ! ఆ నవ్వు ఉంచేయకూడదూ?"

"చరిత్రలో నవ్వులేమిటే, నీ మొహం!"

"ఊళ్ళో ముసలివాళ్ళందరి మాటా వింటారు. నా మాట ఒక్కటి వింటే మీ సొమ్మేం పోయింది?" అని ఆవిడ గ్లాసు టకీమని పెట్టి వెళ్ళిపోయింది.

మాస్టారు పనిలో పడ్డారు. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఓపిగ్గా ఏరారు. ప్రశ్నలు పోయాయి, కూనిరాగాలు పోయాయి, నవ్వులు పోయాయి. ముసలావిడ మాటల్లో మాత్రం ఒక్క అక్షరం, ఆఖరికి ఒక్క దగ్గు కూడా పోనివ్వలేదు. మాటంటే మాటే! చీకటి పడే వేళకి ముత్యంలాంటి రికార్డు తయారైంది. రికార్డరు శుభ్రంగా చెరిపేసి, వంతు కోసం వేచి ఉన్న బేకరీ ఆయనకి పంపించేశారు.

ప్రసంగం రోజు హాలు నిండింది. కళ్ళజోళ్ళ షాపావిడ ఈసారి ముందు వరసలో కూర్చుంది.

"మనుషులు పోతారు, మాట మిగులుతుంది" అని మొదలుపెట్టి, మాస్టారు మీట నొక్కారు.

సబ్బు నురగ దగ్గర అందరూ నవ్వారు. ఆ అత్తగారు కాలం చేసిన సంగతి దగ్గర చాలామంది కళ్ళొత్తుకున్నారు. షాపావిడ మాత్రం నవ్వలేదు, ఏడవలేదు. గొంతు ఆగిన ప్రతిచోటా ముందుకి వంగి, చెవులు రిక్కించుకుని కూర్చుంది. రికార్డు సాగేకొద్దీ ఆవిడ ముఖంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు.

చప్పట్లు సద్దుమణిగాక లేచింది. "మాస్టారూ, మధ్యమధ్యలో ఉన్నవి..."

"అదా! ఆ రొదంతా తీసేశానమ్మా. మీకిచ్చిన మాట తప్పలేదు. పెద్దావిడది ఒక్క ముక్కా పోలేదు."

"తీసినవి ఎక్కడ పెట్టారు?"

"పెట్టడమేమిటి? చెరిపేశాను. వాటితో ఎవరికేం పని?"

ఆవిడ కుర్చీ చెయ్యి తడుముకుంటూ కూలబడింది. ఏమైందో తెలియక మాస్టారు చప్పట్లు కొట్టినవాళ్ళ వైపు చూశారు. వాళ్ళకీ తెలియలేదు.

అప్పుడు ఆవిడ పక్క కుర్చీలోంచి ఒక ముసలమ్మ కోడలి భుజం ఊతగా పట్టుకుని లేచి, ఇంతసేపూ హాలంతా విన్న ఆ గొంతుతోనే అంది: "నా సోదిదేముంది నాయనా, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు మళ్ళీ చెబుతాను, అడగడానికి నా మనవరాలేదీ?"