రెండడుగులు కిందికి

తూటా టప్పున తగిలింది. గురి చెక్కకు కాదు, దాని కింద మట్టికట్టకు.

"ఆరోది కూడా మట్టిపాలే!" అన్నాడు పరీక్ష పెడుతున్న జమేదారు నరసింహులు.

ఓబులేసు తుపాకీ దించలేదు. పది తూటాల్లో నాలుగు చెక్కకు తగలాలి. మిగిలింది నాలుగే. ఒక్కటి తప్పినా పన్నెండేళ్ళ ఉద్యోగం ఇవాళ్టితో సరి.

అది 1963. పెనుకొండ కొండ కింద, తుపాకీ దళం వాళ్ళ గురి పరీక్ష. అందరికీ మొన్ననే అయిపోయింది. జ్వరంతో రాలేకపోయిన ఓబులేసు ఒక్కడికే ఇవాళ. కొత్త తూటాలు అయిపోయాయని గోదాములో మూల పడున్న పాత పెట్టె ఒకటి తెచ్చి విప్పారు.

"సామీ! ఒక్క నిమిషం ఆపు సామీ!"

మట్టికట్ట వైపు నుంచి ఒక ముసలాయన కుంటుకుంటూ వచ్చాడు. భుజాన గోనెసంచి, చేతిలో గడ్డపార. పేరు కుళ్ళాయప్ప. దళం కాల్చి వెళ్ళిపోయాక ఆ మట్టి తవ్వి సీసం ఏరుకుంటాడు. దాన్ని కరిగించి, మగ్గాలకు వేలాడదీసే బరువులు పోసి ధర్మవరంలో అమ్ముకుంటాడు.

"ఈ పిల్లోని గురి తప్పలేదు సామీ. తూటాల్లోనే పస లేదు."

"నీకేం తెలుసప్పా?"

"చెయ్యి వణికింటే ఆరు తూటాలు ఆరు తావుల పడాల. ఆరూ జానెడు జాగాలో పడినాయి. ఇప్పుడే కొలిచొస్తాండా. చెక్క నడిమికి సరిగ్గా రెండడుగుల కింద."

"అయితే?"

"మంచి తూటా ఈడ్నుంచి ఆడికి, మూడునూర్ల గజాలు పోయేలోగా మూడడుగులు జారతాది. ఆ లెక్కకే తుపాకీకి గురిచూసే కన్ను అమర్చింటారు. ఇది ఐదడుగులు జారతాండాది. అంత జారిందంటే గాల్లో అంత ఎక్కువసేపు ఉన్నట్టే కదా. సెకనుకు రెండువేల అడుగులు పోవాల్సింది, పదారునూర్లే పోతాండాది. మందు చచ్చిపోయిండాది సామీ."

పక్కనున్న జవాన్లు కిసుక్కున నవ్వారు. ఎవర్ని చూసి నవ్వారో గానీ, జమేదారుకు ఒళ్ళు మండింది. సీసం ఏరుకునేవాడు వచ్చి తనకు తూటా పాఠం చెప్పడమా! అదీ జవాన్ల ముందు!

"నా మాట నమ్మకుంటే మానె. పెట్టె అడుగున, రేకు కింద కాగితముంటాది. అదన్నా చూడు," అన్నాడు కుళ్ళాయప్ప.

నరసింహులు కళ్ళెర్రజేశాడు.

"పెట్టె అడుగున ఏముంటాదో నీకెట్ల తెలుసురా? ఇంతకుముందు ఎన్ని పెట్టెలు ఎత్తుకపోయినావు?"

కుళ్ళాయప్ప ఏదో చెప్పబోయాడు.

"పో ఈడ్నుంచి! మళ్ళా ఈ చుట్టుపక్కల కనబడితే లోపలేయిస్తా!"

అంటూనే గోనెసంచి లాక్కుని బోర్లించాడు. సీసమంతా నేలపాలైంది.

ముసలాయన వంగి ఏరుకోలేదు. ఓబులేసు వైపు మాత్రం ఒకసారి తిరిగాడు.

"రెండడుగులు పైకి పట్టు నాయనా."

అంతే, కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

"సార్, ఒక్కటంటే ఒక్కటి పైకి పట్టి కాల్చి చూస్తా సార్. మీకు దండం పెడతా," అన్నాడు ఓబులేసు.

"చెక్క నడిమికే పట్టాల. రూలు రూలే. దొంగనాయాలి మాట ఇంటావా, నా మాట ఇంటావా?"

జమేదారు వెనకే వచ్చి నిలబడ్డాడు. ఓబులేసు నడిమికే గురి పట్టాడు. నాలుగు తూటాలూ పోయి ఆ జానెడు జాగాలోనే పడ్డాయి.

నరసింహులు కాగితం మీద 'గురి లేదు' అని రాసి సంతకం గీకాడు.

ఓబులేసు తుపాకీ, బట్టలు అప్పజెప్పేసి హిందూపురం శెనక్కాయల మిల్లులో మూటలు మోయడానికి కుదిరాడు. కుళ్ళాయప్ప మళ్ళీ ఆ మట్టికట్ట దగ్గరికి రాలేదు. శివరాత్రికి ముందే కన్నుమూశాడని ఎవరో చెప్తే, "అట్లనా" అని ఊరుకున్నాడు నరసింహులు.

ఎండాకాలంలో దళం వాళ్ళు ఖాళీ పెట్టెలు పారేస్తుంటే, గట్టి చెక్క కదా అని ఆ పాత తూటాల పెట్టెను నరసింహులు ఇంటికి తెచ్చుకున్నాడు. రాగులు పోసుకోవడానికి బాగుంటుందని భార్య రంగనాయకమ్మ మురిసిపోయింది. తోమి కడుగుతూ అడుగు రేకు పెరికింది.

"ఇదిగో, ఈడేందో కాగితముండాది చూడు."

నరసింహులు చటుక్కున లేచాడు. తీసుకుని వెలుతురులోకి వచ్చాడు. ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం. కూడబలుక్కుంటూ చదివాడు.

"ఏమని ఉండాది?"

"మూడునూర్ల గజాలకు మూడడుగుల మూడంగుళాలు జారతాదంట."

"ఏంది జారేది?"

ఆయన ఆమె మాట వినడం లేదు. వేలు కింది వరుస మీదికి పోయింది.

"పదేండ్లు దాటితే మళ్ళా కాల్చి, జారుడు కొలిచి చూడందే ఎవరికీ ఇయ్యొద్దంట."

తేదీ పైకే చదివాడు. 1943.

రేకు ఎత్తి చూడటానికి ఎంతసేపు పట్టేది? ఒక బీడీ కాల్చినంతసేపు కూడా పట్టదు. ఆ కాస్తసేపు తన నోరు మూసుకుని ఉంటే ఓబులేసు నెత్తిన ఇవాళ మూట ఉండేది కాదు. ఎవరికి చెప్పుకోవాలి ఈ పాపం? ఎవరి కాళ్ళు పట్టుకోవాలి?

"యుద్ధం నాటి కాగితమా? ఎవరు రాసినారంట?" అంది రంగనాయకమ్మ.

'తూటాలు కాల్చి, కొలిచి, వేగం లెక్కగట్టినవాడు' అన్న ఇంగ్లీషు ముక్క కింద సంతకం ఒక్కటే తెలుగులో ఉంది: హవల్దారు కుళ్ళాయప్ప, పెనుకొండ.