పోరుపిట్ట మెయిలు

“ఒక మెయిలు ఓపెన్ చెయ్,” అన్నాడు ఎస్సై.

సగం దించిన షట్టరు కింద నుంచి వంగి లోపలికి వచ్చిన మనిషి, వస్తూనే ఆ షట్టరును నేలదాకా లాగేశాడు. జీపు చప్పుడు వినపడలేదు. వెంట కానిస్టేబుల్ కూడా లేడు. సునంద కుర్చీలోంచి లేవబోతే కూర్చోమని చేయి ఊపాడు.

తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మెలో జనగామ బజారంతా మూతపడి ఉంది. భూపాలపల్లి గనుల్లో బొగ్గు ఆగిపోయాక కరెంటు ఉన్నంతసేపే ఉంటోంది. ఇప్పుడూ లేదు. బాలనర్సయ్య తన ఇంటర్నెట్ సెంటర్లో ఇన్వర్టర్ మీద ఒక్క కంప్యూటరు నడుపుతున్నాడంటే అది సునంద కోసమే. హైదరాబాదులో ఒక కంపెనీ ఆమెను ట్రెయినీగా తీసుకుంది. బ్యాంకుల కంప్యూటర్లలోకి దొంగలు చొరబడకుండా కాపలా కాసే పని. ఇంజనీరింగ్ చదవని పిల్లకు అందులోకి పోవడానికి దొరికిన దారి ఒక్కటే, హన్మకొండలో ఆదివారాలు చెప్పే చిన్న కోర్సు. అది పూర్తయింది. ఆన్‌లైన్ పరీక్ష కూడా ఇప్పుడే ముగించింది. ఇక మిగిలింది పోలీసు వెరిఫికేషన్.

“ఎవరి మెయిలు సార్?” అంది.

ఎస్సై ఏ కాయితమూ చూడకుండానే ఒక్కొక్క అక్షరం చెప్పాడు. టైపు చేస్తుంటే సునంద వేళ్లు ఆగిపోయాయి. పోరుపిట్ట! రైలు రోకో ఎక్కడో, ర్యాలీ ఎప్పుడో కాలేజీ పిల్లలకు ముందే కబురు పంపే పేరు అది. సునందకూ ఆ మెయిళ్లు వస్తాయి. పేరు వెనక ఎవరున్నారో ఎవరికీ తెలియదు.

“పాస్‌వర్డ్ కావాలె గద సార్.”

“పాస్‌వర్డ్ ఉంటే నీ దగ్గరికెందుకొస్త? నువ్వు హ్యాకింగ్ నేర్చినవంట.”

“తాళాలు పగలగొట్టుడు కాదు సార్, పగలకుండ జూసుడు నేర్చిన.”

“రెండూ ఒక్కటే. చెయ్.”

మూల నిలబడ్డ బాలనర్సయ్య కలగజేసుకున్నాడు. “సునందా, సార్ చెప్పినట్టు చెయ్యి. దుకాణం నాది. నాకు పరేషాన్ అయితది.”

సునంద చేతులు ఒళ్లో పెట్టుకుంది. మొదటిరోజు కోర్సు సార్ చెప్పిన మాట ఒక్కటే ఆమె చెవుల్లో తిరుగుతోంది. తెరవడం చేతనైనా, ఆ మనిషి ఒప్పుకోకుండా తెరిస్తే దొంగకూ నీకూ తేడా లేదు.

“కోర్టు కాయితం ఉన్నదా సార్?”

బాలనర్సయ్య కళ్లు మూసుకున్నాడు. ఎస్సై బల్ల మీదికి వంగాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. గడ్డం గీసుకోలేదు.

“నీ వెరిఫికేషన్ మీద సంతకం పెట్టేదెవలు? పోలీసోళ్లే గద. ఒక్క కేసు రాస్తే జిందగీల నీకు గా కొలువు రాదు. తెల్సా?”

“తెల్సు సార్.”

“అయినా చెయ్యవా?”

అవ్వ నిన్ననే వాడకట్టంతా తిరిగి, మా సునందకు కొలువొచ్చిందని చెప్పుకుంది. ఇన్వర్టర్ కుయ్‌మని మూలిగింది. ఎంతోసేపు ఆగదు.

“చెయ్యను సార్,” అంది.

ఎస్సై బల్ల మీద గుద్దాడు. కీబోర్డు ఎగిరిపడింది. “నేను గూడ జూసిన! పాస్‌వర్డ్ మర్చిపోయిన అని కొడితే ఓ ప్రశ్న అడిగింది. ఇంట్ల నిన్నేమని పిలుస్తరు అని. ఆ పేరు నాకు తెల్సు. కొట్టిన. తప్పని జూపెట్టింది.”

ఇంట్లో పిలుచుకునే పేరుదాకా ఆరా తీశారంటే, ఆ పిల్లలెవరో దొరికిపోయినట్టే. వీళ్ల చేతికి చిక్కితే ఏమవుతుందో!

“మొన్న రైలు పట్టాల కాడ తోపులాట అయింది. అప్పటిసంది ఈ పేరు మీదకెల్లి ఒక్క మెయిలు లేదు,” అన్నాడు ఎస్సై. “ఏడ ఉన్నరో తెల్వాలె. ఇయ్యాల్నే తెల్వాలె.”

“తెల్సుకోవాలంటే తలుపు పగలగొట్టాల్నా సార్? తట్టి పిలువొచ్చు గద.” తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “మీరే మెయిలు రాయుండ్రి. జూస్తే జవాబిస్తరు.”

“పోలీసోనికి ఎవలిస్తరు జవాబు?”

“మీరేం రాస్తరో దాన్ని బట్టి ఉంటది.”

కొట్టేస్తాడనుకుంది. బాలనర్సయ్య కూడా అదే అనుకున్నట్టున్నాడు, ఒక అడుగు ముందుకు వేశాడు. ఎస్సై కొట్టలేదు. తెర మీద ఖాళీ పెట్టెలో మిణుకుమంటున్న గీతను చూశాడు. తర్వాత పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు.

“నాకు ఇంగ్లీషు అక్షరాలల్ల తెలుగు కొట్టుడు రాదు. నువ్వు కొట్టు.”

సునంద వేళ్లను కీబోర్డు మీద పెట్టింది. “చెప్పుండ్రి సార్.”

“రాయి… బిడ్డా, నువ్వు ఏ పట్టాల మీద కూసున్నా నేనేమనను. మీ అమ్మ అన్నం ముడుతలేదు. ఉన్న అని ఒక్క మాట రాయి, చాలు,” అని ఎస్సై మొహం గోడవైపు తిప్పుకున్నాడు. “కింద నా పేరొద్దు… మీ నాయిన అని పెట్టు.”